అరువువాని సంతతి: ఒక ఐరిష్ ఇంటిపేరును, దాని చరిత్రకారులను గూర్చిన విమర్శనము

ఇంటిపేరు మనుష్యునకు శ్రమ లేకుండ లభించు ఆస్తి. దానిని సంపాదించుటకై యెవ్వరును చెమటయోడ్చి యుండలేదు. అయినను దానిని జూచుకొని గర్వించువారును, దానిని బట్టి యితరుల నెక్కువగనో తక్కువగనో యెంచువారును లోకమున పెక్కండ్రు కలరు. "ఈ పేరెప్పటిది? మా మూలపురుషుడెవ్వడు? ఈ పేరు గలవారెందఱున్నారు?" అను ప్రశ్నలు పలుదేశములందు వినబడుచున్నవి. వీనికి సమాధానము చెప్పుటకై ఐర్లాండు దేశమున పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి యనేక గ్రంథములు వెలువడినవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది ఎడ్వర్డ్ మెక్‌లైసాట్ పండితుడు 1957లో ప్రకటించిన 'ఐరిష్ ఫామిలీస్', అనగా 'ఐర్లాండు కుటుంబములు' అను గ్రంథము. దీనికి 1960లో రెండవ సంపుటమును, 1964లో అనుబంధమును వచ్చినవి. 1969లో ఆయన తన పరిశోధనల సారమును 'ది సర్‌నేమ్స్ ఆఫ్ ఐర్లాండ్' అను నిఘంటువుగా కూర్చెను.

ఈ గ్రంథముల గుణదోషములను విచారించుటకు మేము మర్ఫీ, కెల్లీ వంటి ప్రసిద్ధనామములను గైకొనుట లేదు. వేలకొలది జనులు ధరించు పేరునకు సాక్ష్యములును వేలకొలదిగ నుండును. ఆ సాక్ష్యముల గుంపులో గ్రంథకర్త పద్ధతి యెట్టిదో కనబడకుండ పోవును. అరుదైన పేరునకు సాక్ష్యము కొంచెము. అక్కడ చరిత్రకారుడు ఎంతవఱకు నడచెను, ఎచ్చట నిలిచెను, ఎచ్చట దుమికెను అను సంగతి స్పష్టముగ తెలియును. గ్రంథకర్త యింటిపేరే యట్టి యరుదైన పేరగుటచే దానినే పరీక్షకు పెట్టుట న్యాయమని మాకు తోచినది.

ముందుగా ఐరిష్ ఇంటిపేర్ల కట్టుబడిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన యింటిపేరు సాధారణముగ సొంతపేరునకు ముందు నిలిచి, చాలచోట్ల ఒక గ్రామమును స్మరింపజేయును. ఐర్లాండువారి ఇంటిపేరు సొంతపేరునకు తరువాత వచ్చి, చాలచోట్ల ఒక పురుషుని స్మరింపజేయును. 'ఓ' యనగా మనుమడు లేక సంతతివాడు. 'మాక్' అనగా కుమారుడు. క్రీ. శ. 1002లో ఐర్లాండునకు సార్వభౌముడైన బ్రయన్ బోరూ రాజు ప్రజలందఱును ఇంటిపేర్లు పెట్టుకొనవలెనని శాసించెనను కథ చిరకాలము ప్రచారములో నుండెను. ఇది నిలువదు. ఆయిధ్నే ప్రభువైన తీగెర్నాఖ్ ఓక్లేరీ మరణము 916వ సంవత్సరము క్రింద ప్రాచీన వృత్తాంతములలో వ్రాయబడియున్నది. రాజు సింహాసన మెక్కుటకు ఎనుబది యేండ్లకు ముందే ఇంటిపేరు గలదన్నమాట. కావున ఐర్లాండున ఇంటిపేర్లు రాజాజ్ఞవలన గాక వాడుకవలన పదవ, పదునొకండవ శతాబ్దులలో క్రమముగ స్థిరపడినవి. ఐరోపాఖండమున వంశపారంపర్యముగ నిలిచిన ఇంటిపేర్లలో ఇవి మిక్కిలి ప్రాచీనమైనవానిలో చేరును.

ఇట్టి పేర్లలో 'మాక్ గిల్లా' అను మొదలు గలవి యొక తరగతి. 'గిల్లా' యనగా కుఱ్ఱవాడు, సేవకుడు. దీనితరువాత తఱచుగ నొక పుణ్యపురుషుని పేరు వచ్చును. మన రామదాసు, శివదాసు వంటి పేర్ల భావమే యిది. 'మాక్ గిల్లా ఈసా' యనగా యేసుదాసుని కుమారుడు. అదియే నేటి మెకలీస్. 'మాక్ గిల్లా ఫాద్రిగ్' అనగా పాట్రిక్ సాధువు దాసుని కుమారుడు. ఇది ఇంగ్లీషున ఫిట్జ్‌పాట్రిక్ అయినది. 'ఫిట్జ్' అనునది నార్మనులు తెచ్చిన మాట. దానినిబట్టి యీ కుటుంబమును నార్మను కుటుంబమని తలచువారు మోసపోవుదురు. 'మాక్ గిల్లా ఎస్పిగ్' అనగా బిషపు సేవకుని కుమారుడు; ఇది గిలెస్పీ యయినది. ఈ చివరిపేరును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. దానితో ముందు పనిగలదు.

లైసాట్ అనునది ఈ తరగతిలోనిదే. దాని మూలరూపము 'మాక్ గిల్లా ఇయసఖ్తా'. ఇందు ఆశ్చర్యకరమైన విషయమేమన, గిల్లా తరువాత సాధువు పేరు లేదు, దేవుని పేరు లేదు. 'ఇయసఖ్త్' అనగా అరువు. అరువు తెచ్చినది గనుక పరాయిది, వింతది, అన్యదేశమునుండి వచ్చినది అను నర్థములును దానికి గలవు. నేటి ఐరిష్ భాషలో అన్యభాషనుండి వచ్చి చేరిన మాటను 'ఇయసఖ్తా మాట' యనియే వ్యవహరింతురు. కావున ఈ పేరునకు 'అరువుకుఱ్ఱవాని కుమారుడు', లేక 'పరాయికుఱ్ఱవాని కుమారుడు' అని యర్థము. పలుకుబడిలో 'మాక్ గి' యను మొదటి భాగము జాఱిపోయి, గిల్లాలోని లకారము మాత్రము తరువాతి మాటనంటుకొని 'లియసఖ్తా' యై, తుదకు ఇంగ్లీషు గుమాస్తాల లెక్కలలో లైసాట్ అయినది.

ఈ వ్యుత్పత్తిని గూర్చి వివాదము లేదు. మెక్‌లైసాట్ దీనిని దాచక చెప్పెను. అంతియేగాక ఆ కుటుంబము తోమండ్ అను ప్రాచీనదేశమునకు, అనగా నేటి క్లేర్ కౌంటీ ప్రాంతమునకు, చెందినదనియు, పిమ్మట ముఖ్యముగ క్లేర్, లిమరిక్, కార్క్ కౌంటీలలో కనబడుచున్నదనియు నిరూపించెను. ఇట్టి స్థలనిర్ణయమే ఆయన గ్రంథముల కెల్ల ప్రాణము. ఆయనకు పూర్వము పాట్రిక్ వుల్ఫ్ అను మతాచార్యుడు 1906లో సంగ్రహముగను, 1923లో విపులముగను గేలిక్ ఇంటిపేర్ల నిఘంటువును ప్రకటించియుండెను. భాషాజ్ఞానమున వుల్ఫ్ గొప్పవాడే. కాని శబ్దసామ్యమును బట్టి పేరునకు మూలము నిర్ణయించుట సులభము. ఆ పేరు గలవారు ఏ కాలమున నేయూర నుండిరో చూచి నిర్ణయించుట కష్టము. మెక్‌లైసాట్ ఈ కష్టమైన త్రోవను ద్రొక్కెను. 1659వ సంవత్సరపు జనసంఖ్యాపత్రములు, పందొమ్మిదవ శతాబ్దిలోని భూమిశిస్తు లెక్కలు, జననమరణముల రిజిస్టర్లు, గ్రామనామములు మొదలగువానిని ప్రక్కప్రక్కన బెట్టి, ఒకే పేరు పలుచోట్ల స్వతంత్రముగ పుట్టవచ్చునని సామాన్యజనులకు బోధించెను. మర్ఫీలందఱును ఒక తండ్రి బిడ్డలు గారని చెప్పుట ఆ దేశమున కొంత ధైర్యముగల పనియే.

ఈ పని యెంత కష్టమైనదో తెలియవలెనన్న పేర్లు పడిన పాట్లను చూడవలెను. 1465లో ఇంగ్లీషు ప్రభుత్వము డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్ ప్రాంతములలో తమ పాలనలోనున్న ఐరిష్‌వారు ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకొనవలెనని చట్టము చేసెను. ఊరిపేరుగాని, తెలుపు, నలుపు వంటి రంగుపేరుగాని, కమ్మరి, వడ్రంగి వంటి వృత్తిపేరుగాని, వంటవాడు వంటి యుద్యోగపుపేరుగాని గైకొనవలెనని యందు విధింపబడెను. తరువాతి శతాబ్దులలో చట్టముకంటె గుమాస్తాయే యెక్కువ పని చేసెను. ఐరిష్ భాష తెలియని గుమాస్తా తన చెవికి సోకినట్లు వ్రాసెను. కొంచెము తెలిసినవాడు అంతకంటె నెక్కువ చెఱుపు చేసెను. ఓ ఫియాఖ్ అను పేరులో వేట యను నర్థముగల మాట వినబడినదని కొందఱిని 'హంట్' అని వ్రాసిరి. నిజమునకు ఆ పేరునకును వేటకును సంబంధము లేదు. 'మాక్ గిల్లా ఓయిన్', అనగా యోహానుదాసుని కుమారుడు, అను పేరు మెకలూన్ అయి, అందలి చివరి 'లూన్' అను ధ్వని ఐరిష్ భాషలో సోమవారమునకు గల పేరువలె నుండుటచే కొందఱు 'మండే' యను ఇంటిపేరు గలవారైరి. లైసాట్ అను పేరు పుట్టిన విధమును ఇచ్చట పోల్చి చూడుడు. రెండుచోట్లను గిల్లాలోని లకారమే తరువాతి మాటనంటుకొన్నది. ఒకచోట పేరు బ్రతికినది, మఱియొకచోట నవ్వులపాలైనది. బిడ్డలు పాఠశాలలో సోమవారము కొడుకులని పిలువబడుటకు కారణము వారి పూర్వుల దోషము గాదు, పరభాషలో నడచిన ప్రభుత్వదోషము.

ఇక వ్యాప్తిని గూర్చి. ఐరిష్ ఇంటిపేర్ల సంఖ్యను గూర్చి గ్రంథములన్నియు నాశ్రయించునది రాబర్ట్ మాథిసన్ 1894లో ప్రకటించిన నివేదిక. 1890వ సంవత్సరమున ఐర్లాండునందు నమోదైన జననములను పేర్లవారీగ లెక్కించి, ఆ యేట సుమారు 45 మంది జనులకు ఒక జననము వంతున నుండుటచే, ఒక్కొక్క పేరు గలవారెందఱుండవచ్చునో ఆయన గణించెను. మర్ఫీలు 62,600, కెల్లీలు 55,900, సలివన్లు 43,600, వాల్షులు 41,700 అని ఆయన లెక్క. ఇట్టి పెద్దపేర్ల విషయమున ఈ పద్ధతి బాగుగనే పనిచేయును. మెక్‌లైసాట్ మొదలు నేటి వంశచరిత్రకారులవఱకు నందఱును దీనిని ప్రమాణముగ గొనుచున్నారు.

కాని ఆ నివేదికలోని ముఖ్యపట్టికయందు ఆ సంవత్సరము అయిదు జననములకు తక్కువ గల పేర్లు చేర్చబడలేదు. దీని యర్థమును చదువరులు గమనింతురుగాక. అయిదు జననములు గల పేరునకు సుమారు 225 మంది జనులుందురని లెక్క వచ్చును. నాలుగు జననములే యున్నచో 180 మంది యుండవచ్చును గాని ఆ పేరు పట్టికలో నుండదు. ఆ యేట ఒక కుటుంబమున కవలలు పుట్టిన పేరు లోనికి వచ్చును. ఒక తల్లి కాన్పు జనవరి నెలకు జరిగిన పేరు వెలుపలికి పోవును. ఒక యేట నలుగురును మఱుసటి యేట ఎనమండుగురును పుట్టిరేని ఆ పేరుగలవారి సంఖ్య ఒక్క యేటిలో రెట్టింపైనదని చెప్పుదుమా? సామాన్యనామములకు కొలబద్దయైనది అరుదైన నామములకు పాచికల యాటయగును. అయినను వంశచరిత్రలను గూర్చిన పుస్తకములలో 'ఈ పేరు 1890 నాటికి దాదాపు నశించినది' యను వాక్యములు ఈ పట్టికలో లేకపోవుటను మాత్రము బట్టి వ్రాయుట తగదు. పట్టికలో లేకుండుట వేఱు, దేశములో లేకుండుట వేఱు.

మాథిసన్ కృతులలో దీనికంటె నుపయోగకరమైనది మఱియొకటి కలదు. 1890లో ఆయన ఇంటిపేర్ల భేదములను గూర్చి వేఱొక పుస్తకమును ప్రకటించెను. ఒకే కుటుంబమువారు ఒక పత్రమున స్మిత్ అనియు, వేఱొక పత్రమున మెగౌన్ అనియు వ్రాయించుకొనుచుండుటను జిల్లారిజిస్ట్రార్ల వలన తెలిసికొని పట్టిక చేసెను. రెండును కమ్మరిని తెలుపు పేర్లే. ఇట్టి దేశములో పేర్లను లెక్కించుట యనగా మనుష్యులను లెక్కించుట గాదు. గుమాస్తాల చేతివ్రాతలను లెక్కించుట. ఆపైన ప్రాచీనపత్రములకు పట్టిన గతి సర్వవిదితము. 1861 మొదలు 1891వఱకు జరిగిన జనసంఖ్యల మూలపత్రములు ప్రభుత్వపుటాజ్ఞచేతనే నశించినవి. అంతకు పూర్వపువానిలో చాలభాగము 1922 జూన్ 30వ తేదీన డబ్లిన్ నగరమున అంతర్యుద్ధములో ప్రభుత్వ పత్రాగారము కాలిపోయినప్పుడు బూడిదయైనది. దేశమంతటికిని పూర్తిగ మిగిలిన మొదటి జనసంఖ్యలు 1901, 1911 సంవత్సరములవి. నడుమ 1845 మొదలు 1852వఱకు మహాక్షామము వచ్చి, 1841లో 81 లక్షలకు పైబడియున్న జనసంఖ్య 1851 నాటికి 65 లక్షలకు దిగినది. సుమారు పదిలక్షలమంది మరణించిరి. పదిలక్షలకు పైబడినవారు సముద్రములు దాటిరి. పడమటి కౌంటీలు మిక్కిలి బాధపడినవి. అరుదైన పేరు అరుదుగనే పుట్టెనా, ఆకలిచే అరుదయ్యెనా యను విచారము లేక వ్యాప్తిని గూర్చి వ్రాయుట అసంపూర్ణము.

లైసాట్ పేరు ధరించినవారిలో నెట్టివారుండిరో చూడుడు. కార్క్ కౌంటీలో మౌంట్‌నార్త్ నివాసియైన జాన్ లైసాట్ 1758లో లైల్ ప్రభువను బిరుదమును పొందెను. కాథలికులకు పార్లమెంటున చోటులేని కాలమది; ప్రభువు ప్రొటెస్టంటు మతమునవలంబించినవాడు. ఆ కాలముననే క్లేర్ పల్లెలలో నాపేరు గలవారు కాథలికులై, శిస్తు చెల్లించు రైతులై యుండిరి. పందొమ్మిదవ శతాబ్దిలో కార్క్ కౌంటీనుండి వచ్చిన మఱియొక జాన్ లైసాట్ 1857లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున ఇనుపరేకులకు జస్తాపూత పూయు చిన్న కర్మాగారమును చేపట్టి పెంపుచేసెను. ఆ ముడుతరేకులు ఆస్ట్రేలియాఖండమున అసంఖ్యాకములైన యిండ్లకు కప్పులైనవి. ఆ విధముగ ఐర్లాండున నరుదైన పేరు ఆస్ట్రేలియాలో ఇంటింటి పేరయ్యెను. కాని మనుష్యులపేరుగ గాదు, రేకులపేరుగ. పేరు వ్యాపించుటకును వంశము వ్యాపించుటకును గల భేదమునకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఇప్పుడు గ్రంథకర్త దోషములకు వత్తము. మెక్‌లైసాట్ లైసాట్ కుటుంబమును 'దాల్ గాష్' అను ప్రాచీన తెగలో చేర్చెను. ఇది బ్రయన్ బోరూ రాజు పుట్టిన తెగ. క్లేర్ ప్రాంతమున నింతకంటె గౌరవమైనది లేదు. కాని పేరు చూడుడు. 'మేము పరాయివాని బిడ్డలము' అని ఆ పేరే సాక్ష్యమిచ్చుచున్నది. మూలపురుషుడు అన్యదేశమునుండి వచ్చినవాడో, అన్యకుటుంబమునుండి తేబడినవాడో, ఏదైనను పొరుగువారి దృష్టికి వాడు తమవాడు గాడు. అట్టివాని సంతతిని రాజవంశపు రక్తమున చేర్చుటకు వంశావళి తప్ప వేఱు సాక్ష్యము లేదు. మధ్యయుగపు వంశావళులనగా నెట్టివి? ఒక కుటుంబము ఒక ప్రభువు నాశ్రయించి, ఆ నేలపై స్థిరపడి, ఆ ప్రభువుపక్షమున పోరాడినచో, ఆస్థానకవి వారిని ఆ ప్రభువు పూర్వులకొమ్మకు కట్టుట సర్వసాధారణము. ఇతరుల వంశావళులలోని కల్పనలను నిర్దయగ ఖండించిన విమర్శకుడు ఇచ్చట, తన యింటిముంగిట, మెత్తబడినట్లు మాకు తోచుచున్నది.

ఇది కేవలము గ్రంథవిషయము గాదు. గ్రంథకర్త 1887లో జన్మించినపుడు ఆయన యింటిపేరు లైసాట్ మాత్రమే. ఆయన తండ్రి సిడ్నీ రాయిస్ లైసాట్ నవలాకారుడు. స్వాతంత్ర్యోద్యమము ముమ్మరముగ నున్న 1920లో కుమారుడు 'మాక్' అను మొదటిభాగమును మఱల గైకొనెను. 1922 మొదలు 1925వఱకు నూతనరాజ్యపు సెనేటులో సభ్యుడై, 1943లో ఆ దేశప్రభుత్వము వంశలాంఛనముల కార్యాలయమును బ్రిటిషువారినుండి గైకొనినప్పుడు దానికి ప్రథమాధికారియయ్యెను. పరభాషచే వికృతమైన తన పేరును సరిదిద్దుకొనుట యాత్మగౌరవమే. దానిని మేము మెచ్చుకొనుచున్నాము. కాని పేరును సరిదిద్దుకొనుట యొకటి, రక్తమును సరిదిద్దుకొనుట మఱియొకటి. మొదటిది న్యాయము, రెండవది వ్యర్థగర్వము.

ఈ వ్యర్థగర్వమునకు ఆయన గ్రంథమే కొంత తలుపు తెఱచినది. లాంఛనశాస్త్రము ప్రకారము లాంఛనఫలకము ఒక వ్యక్తికిని వాని సంతతికిని చెందునుగాని ఒక ఇంటిపేరునకు చెందదు. మెక్‌లైసాట్ 'తెగలాంఛనము' అను నూతనభావమును కల్పించి, ఆ తెగవాడైన ప్రతివాడును ఆ ఫలకమును గోడకు తగిలించుకొనవచ్చునని సెలవిచ్చెను; ఫలకములను రంగులలో ముద్రించెను కూడ. తెగ యేదో తేల్చుకొను శ్రమ యెవ్వరు పడుదురు? పేరు కలిసిన చాలును. అంగడివాడు ఫలకమును, పత్రమును అమ్మును. ఆ కార్యాలయమే 1944 మొదలు ప్రాచీన గేలిక్ నాయకుల వారసులని కొందఱిని గుర్తించుచు వచ్చెను. పెద్దకొడుకు పెద్దకొడుకు వంతున వారసుని నిర్ణయించిరి. పూర్వము గేలిక్ నాయకుడు పుట్టుకవలన మాత్రమే గాక, బంధువర్గములోనుండి యెన్నికచే పదవి పొందుచుండెనను సంగతిని విస్మరించిరి. దీని ఫలము తరువాత కనబడినది. 1992లో గుర్తింపుపొందిన యొక నాయకుని వంశావళి కల్పితమని తేలి, 1999లో నా గుర్తింపు రద్దయ్యెను. 2003లో ప్రభుత్వము ఈ యాచారమునే మానుకొనెను. అప్పటికి మెక్‌లైసాట్ గతించి పదునేడేండ్లయినది. ఆ మోసమున నాయనకు భాగము లేదు. అయినను సాక్ష్యముకంటె గౌరవమును ముందు నిలిపిన పద్ధతి యెచ్చటికి పోవునో యిందుమూలమున తెలియుచున్నది.

ఈ నడుమ శాస్త్రజ్ఞులును రంగమున ప్రవేశించిరి. తండ్రినుండి కుమారునకు మాత్రమే సంక్రమించు వై-క్రోమోజోమును పరీక్షించి డబ్లిన్ ట్రినిటీ కళాశాల పరిశోధకులు 2006లో ఐరిష్ ఇంటిపేర్లను గూర్చి వ్యాసము ప్రకటించిరి. ఇంటిపేరు కలిసినవారిలో మూలపురుషుడును కలియుట పెక్కుచోట్ల నిజమే. కాని బహువ్యాప్తిగల పేర్లలో మూలపురుషు లనేకులని తేలినది, ఒకే మూలముగల పేర్లలోను ఇతరరక్తము చేరుచునే వచ్చినదని తేలినది. దత్తత, ఆశ్రయము, తల్లిపేరు గ్రహించుట, వివాహబాహ్యజననము, ఇవన్నియు మనుష్యసంఘమున నెల్లప్పుడు నుండినవే. అరువుకుఱ్ఱవాడు ఒక్క లైసాట్ వంశముననే గాక ప్రతివంశమునను ఉన్నాడు. లైసాట్‌లు మాత్రము వాని జ్ఞాపకమును పేరులో నిలిపిరి.

అన్నింటికంటె పెద్దలోపమును చివరకు చెప్పుచున్నాము. ఈ గ్రంథములలో స్త్రీలు లేరు. ఇంటిపేర్ల చరిత్ర యనగా తండ్రులచరిత్రయే యని గ్రంథకర్తలు తలచిరి. ఐరిష్ భాషయే వారిని మందలించియుండవలసినది. ఆ భాషలో పురుషుడు మాక్ గిల్లా ఇయసఖ్తా యైనచో, వాని కుమార్తె 'నిక్ గిల్లా ఇయసఖ్తా'. వాని భార్య 'బెన్ విక్ గిల్లా ఇయసఖ్తా'. కుమార్తె యెవరో, కోడలెవరో పేరే చెప్పును. ప్రాచీన గేలిక్ సంఘమున స్త్రీ వివాహమైన పిమ్మటను పుట్టినింటిపేరునే ధరించుచుండెను. పదునాఱవ శతాబ్దిలో పడమటి సముద్రతీరమును శాసించిన గ్రాన్యా నీ వాల్యా మొదట ఓఫ్లాహర్టీ వంశీయుని, పిమ్మట బర్క్ వంశీయుని పెండ్లాడెను. అయినను 1593లో ఎలిజబెత్తు రాణి యెదుట నిలిచినపుడును, నేటివఱకు ప్రజల నోటను, ఆమె తన తండ్రి ఓమాలీ పేరుతోనే ప్రసిద్ధురాలు. ఇంగ్లీషు శాసనము, ఇంగ్లీషు రిజిస్టరు వచ్చి కుమార్తెకును కోడలికిని గల భేదమును తుడిచివేసినవి. వివాహదినముననే పుట్టినింటిపేరును లెక్కలోనుండి కొట్టివేసినవి.

దీనికి ఉదాహరణము మన తెలుగుదేశముననే కలదు. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు రవీంద్రనాథుడు వచ్చినపుడు 'జనగణమన' గీతమునకు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ నెఱుగనివా రుండరు. 1917లో భారతమహిళాసంఘస్థాపనమునను, 1927లో అఖిలభారత మహిళాసభ యేర్పాటునను ఆమె చేసిన సేవ ప్రసిద్ధము. ఐర్లాండునందలి రాస్కామన్ కౌంటీలో పుట్టిన ఆమె పుట్టినింటిపేరు గిలెస్పీ. అదియును, మేము పైన చెప్పిన 'గిల్లా' పేర్లలోనిదే. ఐర్లాండున, స్కాట్లాండున గలదు. స్త్రీల హక్కులకై రెండుదేశముల చెఱసాలలు చూచిన ఆమె పేరే పేర్ల లెక్కలలో మగనిపేరు క్రింద చేరిపోయినది. వంశనామముల వ్యాప్తిని గణించువారు గిలెస్పీల సంఖ్యలో నామెను చేర్పరు. ఇట్లే ఒక లైసాట్ ఇంట కుమార్తెలే పుట్టినచో ఆ యింట పేరు నశించినదని వ్రాయుదురు. మనుమలు, మునిమనుమలు పదుగురున్నను వంశ మంతరించినదందురు. మన యిండ్లలోను కుమార్తె మాత్రమే గల తండ్రిని జూచి 'వంశము నిలువలేదు' అని విచారించు బంధువులు లేరా? నిలువనిది పేరేకాని వంశము గాదు. ఈ చిన్నసత్యమును గ్రహింపక యెందఱు తల్లులు ఎన్ని నిందలు పడిరో మన గృహములే చెప్పును.

మెక్‌లైసాట్ కృషి చిరస్మరణీయమైనదే. 1986లో తొంబదెనిమిదేండ్ల వయస్సున గతించువఱకు ఆయన పాతపత్రముల దుమ్ములోనుండి చెదరిన ప్రజల పేర్లను వెదకి తీసెను. ఆయన గ్రంథములు లేనిదే పై విమర్శనమును మేము వ్రాయగలిగియుండము. స్థలమును, కాలమును, పత్రమును చూపక వంశకథ చెప్పరాదని నేర్పినది ఆయనయే. ఆ కొలబద్దతోనే ఆయనను కొలిచితిమి. దాల్ గాష్ రాజరక్తమును గూర్చిన మాటను, గోడకు తగిలించు ఫలకములను విడిచి చదివినవారికి ఈ గ్రంథములు మంచి యుపకారము చేయును. ఇకముందు వ్రాయువారు కుమార్తెలను లెక్కలో చేర్చి, పట్టికలలో కనబడని చిన్నపేర్లను 1901, 1911 జనసంఖ్యలలో ఇంటింట వెదకి, ఆకలిచే పోయినవారిని, ఓడలెక్కి పోయినవారిని కలిపి వ్రాసినగాని ఏ పేరు చరిత్రయు పూర్తికాదు. మన ఇంటిపేర్లను గూర్చి వ్రాయబూనువారికిని ఇదియే మా మనవి. మూలపురుషుడు రాజా, ఋషియా యని వెదకుటకు ముందు, మన యింటికి అరువుగ వచ్చి మనవాడైనవా డెవ్వడు, మన యింటినుండి వెడలి లెక్కకు దూరమైన ఆడుబిడ్డ యెవ్వతె యని యడిగినచో సత్యమునకు దగ్గఱ కాగలము.